గ్రాఫిక్స్‌కి బరువెక్కడి నుంచి వస్తుంది? ‘కల్కి 2898 ఏడీ’లో పండినవీ, తేలిపోయినవీ

మా మేనమామ విశాఖపట్నం పోర్టులో చాలా ఏళ్లు క్రేన్ నడిపి రిటైరయ్యాడు. 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైతే, ఆ వారంలోనే ఆయన్ని జగదాంబ జంక్షన్ వైపు ఫస్ట్ షోకి తీసుకెళ్లాను. సినిమా వదిలాక రోడ్డు పక్కన టీ తాగుతూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గ్లాసు కింద పెట్టి అన్నాడు:

“బాగానే ఉందిరా. ఆ ముసలాయన అయితే అదరగొట్టేశాడు. కానీ ఒరే, గాల్లో తిరిగే ఆ ఓడలున్నాయి చూడు, వాటికి బరువు లేదు. ఆపంగానే ఆగిపోతన్నాయి. లోడు అలాగ ఆగదు. బ్రేకేసినాక కూడా ఊగుతాది. రోపు ఎంత పొడుగుంటే అంత నిదానంగా ఊగుతాది.”

ఆ మాట నన్ను వదల్లేదు. తర్వాత ఈ సినిమాను ఇంకో రెండుసార్లు చూశాను. ఒకసారి హాల్లో, ఒకసారి ఇంట్లో ఆపుకుంటూ ఆపుకుంటూ. గ్రాఫిక్స్ గురించి మన దగ్గర చర్చంతా ‘అదిరిపోయాయి’, ‘తేలిపోయాయి’ అనే రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. ఎందుకు అదిరాయి, ఎక్కడ తేలాయి అన్నది ఎవరూ విప్పి చెప్పరు. మావయ్య అన్న ‘బరువు’ పట్టుకుని చూస్తే చాలావరకు విడిపోతుంది. బొమ్మ సంగతే కాదు, కథ సంగతి కూడా.

ముందు కంటి సంగతి చూద్దాం. మన కంటికి లెక్కలు రావు. కానీ పెద్ద వస్తువు ఎలా కదులుతుందో పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉంది కాబట్టి దానికి తెలుసు. 5 మీటర్ల ఎత్తు నుంచి రాయి వదిలితే సుమారు ఒక సెకనులో నేలను తాకుతుంది. 20 మీటర్ల నుంచి అయితే రెండు సెకన్లు, 80 మీటర్ల నుంచి నాలుగు. ఎత్తు నాలుగింతలైతే టైము రెండింతలవుతుంది. క్రేన్ రోపు ఊగడానికీ ఇదే లెక్క. అందుకే బకెట్లో చెయ్యి పెట్టి కొడితే తుంపర్లు చిటుక్కున పడిపోతాయి. వాయుగుండం పట్టిన రోజు ఆర్కే బీచ్‌లో రాళ్లకు కొట్టుకున్న అల మాత్రం పైకి లేచి, క్షణం అక్కడే నిలబడినట్టుండి, తర్వాత తీరిగ్గా రాలుతుంది. రెండూ నీళ్లే. ఏది చిన్నదో ఏది పెద్దదో కన్ను ఆ వేగాన్ని బట్టే చెప్పేస్తుంది.

కంప్యూటర్లు లేని రోజుల్లో సినిమావాళ్లు బొమ్మ ఓడల్ని తొట్టిలో ముంచి నిజం ఓడలుగా చూపించేవాళ్లు. దానికి ఈ లెక్కే ఆధారం. బొమ్మ అసలు ఓడలో 16వ వంతు ఉంటే, సెకనుకు 24 ఫ్రేములకు బదులు 96 ఫ్రేములు తీసి మామూలు వేగంతో చూపిస్తారు. కదలిక నాలుగింతలు నిదానిస్తుంది, కన్ను నమ్ముతుంది. కంప్యూటర్లో ఈ కట్టుబాటు దానంతటది రాదు. వంద మీటర్ల ఓడని ఈగలా తిప్పమన్నా తిప్పేస్తుంది. ఆపాల్సింది మనిషే.

మన హార్బర్ ముఖద్వారంలోకి, డాల్ఫిన్ నోస్ పక్క నుంచి, పెద్ద ఓడ రావడం చూశారా? ముందూ వెనకా టగ్గులు పట్టుకుని నెడుతుంటే అది తిరగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు తిరుగుతుంది. చిన్నప్పటి నుంచి అది చూసిన కంటికి, క్లైమాక్స్‌లో తిరుగుబాటుదారులు దాక్కున్న శంబల మీదికి వచ్చే వాహనాలు కొన్ని షాట్లలో ఆటబొమ్మల్లా అనిపిస్తాయి. బొమ్మ గీయడంలో లోపం లేదు. లోహం, తుప్పు, లైట్లు అన్నీ చక్కగా కుదిరాయి. లోపమంతా కదలికలో ఉంది.

అదే సినిమాలో కాంప్లెక్స్ చూడండి. కాశీ నగరం నెత్తిన తలకిందులుగా వేలాడే ఆ పిరమిడ్ ఎక్కడా తేలిపోదు. ఒక కారణం, అది కదలదు. రెండోది మసక. కైలాసగిరి మీద నిలబడి ఉత్తరంగా చూస్తే దగ్గరి కొండ పచ్చగా, దాని వెనకది నీలంగా, ఆ వెనకది ఇంచుమించు ఆకాశం రంగులో కలిసిపోతూ కనిపిస్తుంది. మధ్యలో గాలీ తేమా దుమ్మూ ఎంత మందంగా ఉంటే దూరమున్నది అంత పాలిపోతుంది. కాంప్లెక్స్ అడుగు భాగం స్పష్టంగా, పై అంచులు దుమ్ములో కలిసిపోతూ ఉండటం వల్లే దాని పరిమాణం మనకు అందుతుంది. చాలా సినిమాల్లో ప్రతి అంగుళం కనబడాలన్న ఆత్రంతో ఈ మసకను తీసేస్తారు. అప్పుడు కోట కూడా అట్టముక్కలా కనిపిస్తుంది. దర్శకుడు నాగ్ అశ్విన్ బృందం ఆ తప్పు చెయ్యలేదు.

ఈ సినిమాకున్న పెద్ద బలం నా దృష్టిలో ఆ కాశీనే. గంగ ఎండిపోయింది. నీళ్లు, పచ్చదనం, మంచి తిండి అన్నీ పైనున్న కాంప్లెక్స్ లాగేసుకుంది. కింద మనుషులు ‘యూనిట్లు’ పోగేసుకుంటూ బతుకుతారు. పది లక్షల యూనిట్లుంటే పైకి పోవచ్చన్నది ఆశ. ఈ ఒక్క లెక్కతో ఆ లోకం మొత్తం ఎలా నడుస్తుందో అర్థమైపోతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టాక విశాఖలో ఆ వారం రోజులు గడిపిన వాళ్లకి ఇందులో కొత్త కూడా ఏమీ లేదు. కరెంటు లేక, మంచినీళ్ల క్యాన్ కోసం, పెట్రోలు కోసం లైన్లో నిలబడ్డాం. డబ్బు జేబులో ఉన్నా పనికిరాని రోజులవి. లోకం కూలిపోవడమంటే మంటలూ పేలుళ్లూ కాదు, బిందె పట్టుకుని నిలబడటం. ఆ సంగతి ఈ సినిమాకు తెలుసు.

దానికి తోడు ఆ లోకం వాడేసినట్టుంటుంది. ఈ మాటకు అర్థం కావాలంటే బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామిలోకి ఒకసారి వెళ్లి రావాలి. 91 మీటర్ల పొడవున్న ఆ సబ్‌మెరైన్ లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి సందులోంచి ఒళ్లు వంచి, కాలు ముందు వేసి దూరాలి. నెత్తిన పైపులు, పక్కన చక్రాలు, మీటర్లు. టార్పెడోలున్న చోటే మనిషి పడుకునే బల్ల. అందం కోసం పెట్టింది ఒక్కటీ కనబడదు. ప్రతిదీ ఎవరి చేతికో అందాలని పెట్టిందే. భవిష్యత్తు అనగానే తెల్లటి గోడలు, నీలం లైట్లు పెట్టేయడం సులువు. కాశీ వీధుల్ని అలా కట్టలేదు. పాత సామానుకు కొత్త సామాను అతికించి, ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ పోయినట్టు కట్టారు. వందల ఏళ్లుగా మనుషులు అక్కడ బతుకుతున్నారని గోడలే చెబుతాయి.

బుజ్జి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ప్రభాస్ వేసిన హీరో భైరవ నడిపే ఆ మూడు చక్రాల బండిని నిజంగానే తయారుచేశారు. మహీంద్రా, కోయంబత్తూరులోని జయెమ్ ఆటోమోటివ్స్ కలిసి చేసిన ఆ బండి బరువు సుమారు ఆరు టన్నులు. ఎంత ఖర్చయినా అది దండగ ఖర్చు కాదు. నిజం బండి ఉంటే దాని మీద నిజం ఎండ పడుతుంది. టైరు కింద నిజం దుమ్ము లేస్తుంది. నటుడు ఎక్కేటప్పుడు చెయ్యి ఎక్కడ వెయ్యాలో వెతుక్కోడు. తర్వాత అదే బండిని కంప్యూటర్లో ఎగరేయాల్సి వచ్చినప్పుడు, అసలు బండి ఎలా ఊగింది, ఎలా మెరిసింది అన్న నమూనా కళ్లముందే ఉంటుంది. మావయ్యకు బుజ్జి గురించి నేనేమీ చెప్పలేదు. “ఆ బండి మాత్రం నిజమేరా” అని ఆయనే అన్నాడు.

గ్రాఫిక్స్‌లో సగం పని అసలు వెలుతురు పని. షూటింగ్‌లో షాట్ అయిపోగానే అదే చోట ఒక బూడిదరంగు గోళం, ఒక అద్దంలాంటి గోళం పట్టుకుని మళ్లీ ఫొటోలు తీసుకుంటారు. సూర్యుడు ఎటున్నాడు, గోడ నుంచి ఎంత ఎరుపు తిరిగి పడుతోంది అన్నది వాటి మీద దొరుకుతుంది. కంప్యూటర్లో పెట్టే ఓడకు, గుర్రానికి, గోపురానికి అదే వెలుతురు వెయ్యాలి. నటుడి చెంప మీద కుడి నుంచి వెలుతురు పడుతూ, వెనకున్న నగరం మీద ఎడమ నుంచి పడితే ప్రేక్షకుడు తప్పేంటో చెప్పలేడు గానీ, ‘అతికించినట్టుంది’ అనేస్తాడు. ఈ సినిమాలో పగటి సీన్లలో ఈ పని చాలావరకు నిలబడింది.

ఇక్కడ చిన్న పక్కమాట. నేను రెండోసారి చూసిన హాల్లో త్రీడీ వేశారు. బొమ్మ ఎంత మసకగా ఉందంటే, చీకటి సీన్లలో ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. త్రీడీ అద్దాలు ఒక్కో కంటికి సగం కంటే తక్కువ వెలుతురే పంపుతాయి. ప్రొజెక్టర్ దీపం దానికి తగ్గట్టు పెంచకపోతే వందలమంది నెలల తరబడి చేసిన పని గోడకు కొట్టినట్టే. మూడు గంటల సినిమా అంటే సెకనుకు 24 చొప్పున సుమారు 2 లక్షల 59 వేల ఫ్రేములు. అందులో గ్రాఫిక్స్ ఉన్న షాట్లలో వెంట్రుకల అంచుల్ని ఫ్రేము ఫ్రేముకీ కత్తిరించి అతికించిన కుర్రాళ్లుంటారు. వాళ్ల కష్టం ఆఖరి మెట్టు మీద ఒక పాత దీపం దగ్గర ఆగిపోవడం చూస్తే నిజంగా బాధేసింది.

ఇప్పుడు ‘ముసలాయన’ దగ్గరకు వద్దాం. అమితాబ్ బచ్చన్ వేసిన అశ్వత్థామ ఈ సినిమాకు ప్రాణం. తెరమీద ఆయన ప్రభాస్ కంటే బాగా ఎత్తు. మనిషిని ఎత్తుగా చూపించడం పెద్ద కష్టం కాదు. విడివిడిగా తీసి కలపొచ్చు, కెమెరాకు ఒకర్ని దగ్గరగా, ఒకర్ని దూరంగా నిలబెట్టొచ్చు. ఆ ఎత్తును నమ్మించడం కష్టం. ఆరడుగుల మనిషిని అదే కొలతల్లో ఎనిమిదడుగులు చేస్తే ఎత్తు మూడో వంతే పెరుగుతుంది గానీ బరువు రెండింతలు దాటిపోతుంది. అలాంటివాడు గబగబా నడవలేడు. అడుగు పడ్డాక ఒళ్లు దాని మీద కుదురుకోవడానికి క్షణం పడుతుంది. అమితాబ్ నడకలో, తల తిప్పడంలో ఆ క్షణం ఉంది. ఆయన కూర్చున్న చోటి నుంచి లేచే తీరు చూడండి. యుగాలుగా కూర్చున్నవాడు లేచినట్టు లేస్తాడు. అంతదాకా కంప్యూటర్ తీసుకెళ్లలేదు.

మొదట్లో వచ్చే కురుక్షేత్రం సీన్‌లో ఆయన ముఖాన్ని యవ్వనానికి తీసుకెళ్లారు. ముఖానికి వయసు తగ్గించడం గ్రాఫిక్స్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన పని. నిప్పులో చిన్న తప్పుంటే క్షమిస్తాం, ముఖంలో ఉంటే క్షమించం. నోరు నవ్వుతుంటే కంటి కింద చర్మం ముడుచుకోవాలి, మాట్లాడుతుంటే మెడ నరం కదలాలి. అవి తప్పితే శవానికి రంగు వేసినట్టుంటుంది. ఇక్కడ ఆ సీన్‌ను పొడిగించలేదు. యుద్ధం ముగిసిన నేల, గాయపడి బురదా నెత్తురూ అంటిన మనిషి. కొన్ని చూపుల దగ్గర ముఖం కాస్త నున్నగా అనిపించినా, మొత్తానికి గట్టెక్కింది.

అయితే ఆ సీన్ గట్టెక్కడానికి టెక్నాలజీ కంటే పెద్ద కారణం ఉంది. ‘అశ్వత్థామ హతః’ అనగానే ‘కుంజరః’ అని అందుకునే జనం మనం. ఆ పేరు వినగానే కథ మన లోపలే మొదలవుతుంది. ఉత్తర గర్భంలోని శిశువు మీద బ్రహ్మాస్త్రం వేసినవాడు, కృష్ణుడి శాపంతో చావులేక తిరుగుతున్నవాడు. అలాంటివాడికి ఆరు వేల ఏళ్ల తర్వాత ఒక గర్భిణిని కాపాడే పని పడింది. గర్భాన్ని చంపబోయినవాడే గర్భానికి కాపలా. ఈ ఒక్క ఊహ ముందు సినిమాలోని ఓడలన్నీ చిన్నవే. కలియుగం క్రీస్తు పూర్వం 3102లో మొదలైందని సంప్రదాయ లెక్క. దానికి 2898 కలిపితే సరిగ్గా ఆరు వేలు. సినిమా పేరులోనే ఆ దూరం ఉంది. ఆ ఆరు వేల ఏళ్ల భారం ఆ మనిషి కళ్లలో కనిపిస్తుంది కాబట్టే ఆయన చెయ్యెత్తితే హాలంతా నిశ్శబ్దమైపోతుంది.

మరి అదే అశ్వత్థామ భైరవతో కొట్టుకునే సీన్లు ఎందుకు సాగదీసినట్టున్నాయి? షాట్ షాట్‌గా చూస్తే అవి బాగా తీసినవే. కానీ ఒకడికి శాపం వల్ల చావు లేదు. ఇంకొకడు హీరో, పైగా అది మొదటి భాగం, చావడని మనకు తెలుసు. గోడలు పగులుతాయి, మనుషులు ఎగిరిపడతారు, లేస్తారు, మళ్లీ ఎగిరిపడతారు. దెబ్బ తగిలినవాడికి తర్వాతి సీన్‌లో కుంటు కూడా లేకపోతే ఆ దెబ్బ పడనట్టే లెక్క. ఇది గ్రాఫిక్స్ లోపంలా కనిపించే కథ లోపం. ఆ గర్భిణి, దీపికా పదుకొణె వేసిన సుమతి, మంటల్లోంచి నడిచే సీన్‌లో గోడలేవీ కూలవు. అయినా ఊపిరి బిగపట్టి చూస్తాం. ఆమె చావగలదు. కడుపులో బిడ్డ పోగలదు.

కెమెరా సంగతి కూడా ఇందులోకే వస్తుంది. నిజం కెమెరాను ఎవరో మొయ్యాలి, లేదా క్రేన్ మీద పెట్టాలి. అది గోడలోంచి దూరిపోలేదు. ఎగిరే ఓడ చక్రాల సందులోంచి వెళ్లి, పేలుడు చుట్టూ తిరిగి, హీరో ముఖం మీద ఆగే కెమెరాకు బరువుండదు. దాంతోపాటు అది చూపించేదానికీ బరువుండదు. శంబల యుద్ధంలో కెమెరా నేలమీద నిలబడి, శత్రువును తలెత్తి చూసిన షాట్లు ఉన్నాయి. అవి గుర్తుండిపోతాయి. గాల్లో గిరగిరా తిరిగినవి గంట తర్వాత గుర్తులేవు.

ప్రథమార్థం మీద చాలామందికి ఫిర్యాదుంది. నాకూ ఉంది. అంత కష్టపడి కట్టిన కాశీలోకి ప్రేక్షకుడు అడుగుపెట్టాడో లేదో, తెలిసిన ముఖాలు వరసగా దిగిపోతాయి. రాజమౌళి, రామ్‌గోపాల్ వర్మ కనిపించగానే హాల్లో ఈలలు పడ్డాయి, నేనూ నవ్వాను. కానీ ఆ నవ్వుతోనే 2898 నుంచి 2024కి వచ్చేశాను. మళ్లీ అక్కడికి వెళ్లడానికి పది నిమిషాలు పట్టింది. కొత్త లోకం మీద నమ్మకం దోసె మీద పొరలాంటిది, తొందరపడి గీరితే చిరిగిపోతుంది. ఈ నిమిషాల్లో సగం కమల్‌హాసన్ వేసిన యాస్కిన్‌కి ఇచ్చి ఉంటే విలన్‌కి ఏం కావాలో చివరిదాకా ఎదురుచూడాల్సిన పని ఉండేది కాదు. ఎడారి, గోనె గుడ్డల్లాంటి బట్టలు, ముసుగులు వంటివి హాలీవుడ్‌లో చూసినట్టే ఉన్నాయన్న మాటలోనూ నిజముంది. సంతోష్ నారాయణన్ పాటలు కథతో నడిచాయి గానీ ఇంటిదాకా వెంట రాలేదు.

డబ్బు మాట కూడా అనుకోవాలి. వార్తల్లో వచ్చిన బడ్జెట్ సుమారు 600 కోట్లు. అదే ఏడాది వచ్చిన ‘డ్యూన్: పార్ట్ టూ’కి సుమారు 19 కోట్ల డాలర్లు, మన లెక్కలో 1,500 కోట్లు పైమాటే. ‘కల్కి’కి అందులో సగం కూడా లేదు. పైగా పారితోషికాలు పోగా తెరమీదికి చేరింది ఇంకా తక్కువే ఉంటుంది. విడుదల తేదీ కూడా 2024 జనవరి 12 నుంచి మే 9కి, అక్కణ్నుంచి జూన్ 27కి జరిగింది. గ్రాఫిక్స్ పనిలో డబ్బుకంటే ముందు అయిపోయేది టైమే. ఇవన్నీ తెలిసి చూస్తే సాధించింది చిన్నదేమీ కాదు. కానీ అశ్వత్థామ, సుమతి సీన్ల బలానికి బడ్జెట్‌తో సంబంధం లేనట్టే, ప్రథమార్థం బలహీనతకూ బడ్జెట్‌తో సంబంధం లేదు.

మన దగ్గర దీనికి పాత సాక్ష్యం ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’లో లడ్లు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడటాన్ని ఇప్పటికీ పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. కానీ ఆ సినిమాలో అన్నిటికంటే గొప్ప మాయ ఏ కెమెరా ట్రిక్కూ లేనిది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక, ఆ సన్నటి అమ్మాయి ఒంట్లో రాక్షసుడి బరువును సావిత్రి నడిచి చూపించింది. చెయ్యి విసురు, మెడ బిరుసు, అడుగు వేసే తీరు. ఆ సినిమాకు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. టైమ్ మెషీన్‌ని 1526కీ 2504కీ పంపారు. అందులో ఇప్పటికీ మన మనసులో నిలిచింది రాయల కాలమే. అక్కడ మనుషులున్నారు, తగాదాలున్నాయి, నవ్వులున్నాయి. 2504లో చూడ్డానికి వింతలు ఎక్కువ, మనుషులు తక్కువ. అదే సింగీతం ‘కల్కి’కి మార్గదర్శకుడిగా ఉన్నారు. అశ్వత్థామ నడకలో నాకు సావిత్రి నడక కనిపించింది.

రెండో భాగం మీద నా ఆశ, నా టెన్షన్ రెండూ కర్ణుడి చుట్టూనే ఉన్నాయి. దీపిక అందులో ఉండరని 2025 సెప్టెంబర్‌లో నిర్మాణ సంస్థే ప్రకటించింది. మొదటి భాగంలో ప్రాణభయం ఉన్న ఒకే ఒక్క ముఖ్యపాత్ర ఆమెది కాబట్టి ఆ ఖాళీ చిన్నది కాదు. చివర్లో భైరవే కర్ణుడని తేలినప్పుడు హాలు ఊగిపోయింది. కానీ ఆ క్షణంలో అతని శక్తికి హద్దు కనబడలేదు. భారతంలో కర్ణుడు అలాంటివాడు కాదు. అతని శక్తి వెనక శాపాలున్నాయి. అవసరం వచ్చిన వేళ అస్త్రం గుర్తురాదు. రథచక్రం నేలలో దిగబడిపోతుంది. దిగి, రెండు చేతులతో ఎత్తబోతే రాదు. భారతం మొత్తంలో అంత బరువైన దృశ్యం నాకింకొకటి తోచదు. ఆ చక్రాన్ని తెరమీద చూపించేటప్పుడు మట్టి ఎలా పగులుతుంది, చక్రం ఎంత నిదానంగా దిగుతుంది, దాన్ని పట్టుకున్న మనిషి వీపు ఎలా వంగుతుంది అన్నది ఎవరో ఒక యానిమేటర్ కూర్చుని ఆలోచించాలి.

మావయ్యకు ఇదంతా చెప్పాను. ఆయన చేతుల్ని ముందుకు చాచి, కనబడని లివర్ పట్టుకున్నట్టు పట్టుకుని, “ముందు రోపు బిగుస్తాది. లోడు లేవదు. అప్పుడు క్రేనే కొంచెం ముందుకి ఒంగుతాది. అది చూపించమను” అన్నాడు.